చిత్తడి నేలల మీదుగా గ్రావెల్ సైకిల్: నెదర్లాండ్స్‌లో ఏ దారి, ఏ కాలం?

ప్రశ్న: కొల్లేటితీరం

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా కుటుంబంతో ఆమ్‌స్టెల్‌వీన్‌లో ఉంటున్నాను. ఊళ్లో పనులకు మామూలు డచ్ సైకిల్ సరిపోతోంది గానీ, ఈ వేసవిలో మట్టి, కంకర దారులకు పనికొచ్చే, 40 మిల్లీమీటర్ల టైర్లున్న గ్రావెల్ సైకిల్ ఒకటి కొన్నాను. మాది కైకలూరు వైపు. నీళ్లు, గట్లు, జమ్ము, శీతాకాలంలో దిగే పక్షులు చూస్తూ పెరిగినవాణ్ని కాబట్టి, ఈ దేశంలోని చిత్తడి నేలలను కారు కిటికీలోంచి కాకుండా సైకిల్ మీద నెమ్మదిగా చూడాలని నాకు గట్టి కోరిక.

ఇబ్బంది ఏమిటంటే, ఇంటి నుంచి ఏ దిక్కుకు బయలుదేరినా తారు లేదా ఎర్ర ఇటుకల బాటే తగులుతోంది. పటంలో సన్నని గీతగా కనిపించిన మట్టిదారి వెంట వెళితే చివరికి ఒక చెక్క గేటు, దాని పక్కన 'ఆర్టికల్ 461' అని రాసిన బోర్డు ఎదురవుతున్నాయి. కొన్నిచోట్ల గేటు తెరిచే ఉంటుంది, నడిచేవాళ్లు లోపలికి వెళుతూనే ఉంటారు. సైకిల్‌తో వెళ్లవచ్చో లేదో అర్థం కాక వెనుదిరుగుతున్నాను.

నిజంగా తారు వేయని బాటల మీదుగా, నీటి పక్కగా, రెల్లు మధ్యగా రోజంతా సాగే దారులు ఎక్కడ ఉన్నాయో, ఏ నెలల్లో వెళితే మంచిదో, కరకట్టల మీద గడ్డి బాటల్లో సైకిల్ తొక్కడం సమ్మతమేనా అన్నదీ అనుభవజ్ఞులు చెప్పగలరని ఆశిస్తున్నాను. కొండలూ అడవులూ నాకు ముఖ్యం కావు. నీటి దగ్గరికే వెళ్లాలని ఉంది.

జవాబు: మట్టిబాట

కొల్లేటితీరం గారూ, నేను జ్వోలెలో ఉంటాను; మీరు అడిగిన ప్రాంతాల్లో ఒకటి నాకు దగ్గరే. దారుల పేర్లకన్నా ముందు నేల సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ దేశంలో ఎక్కడ మట్టిబాట దొరుకుతుంది, ఎక్కడ దొరకదు అన్నది పూర్తిగా కింద ఉన్న నేలను బట్టే ఉంటుంది.

స్థూలంగా చెప్పాలంటే తూర్పున, దక్షిణాన ఇసుక నేల. నదుల వెంట, సముద్రం వైపు బంకమట్టి. పడమటి, ఉత్తర ప్రాంతాల పల్లాల్లో పీట్, అంటే వేల ఏళ్లుగా నీటిలో పూర్తిగా కుళ్లకుండా పేరుకుపోయిన మొక్కల అవశేషాలతో ఏర్పడిన నల్లని మెత్తటి నేల. గ్రావెల్ సైకిల్‌వాళ్లు పొగిడే పొడవాటి మట్టిదారులు డ్రెంటె, ట్వెంటె, ఆఖ్టర్‌హూక్, బ్రాబాంట్, ఫేలువె ప్రాంతాల్లో ఎక్కువగా ఉండటానికి కారణం అక్కడి ఇసుకే. వాన పడగానే నీరు ఇంకిపోతుంది కాబట్టి తారు వేయకపోయినా దారి నిలుస్తుంది. మీ ఇంటి చుట్టూ ఉన్నది పీట్ నేల. దాని మీద కంకర పోస్తే కొన్నేళ్లకు ఆ బరువుకే కిందికి దిగిపోతుంది. పైగా పొలాల కోసం కాలువల్లో నీటిమట్టాన్ని తగ్గించి ఉంచడం వల్ల పైపొరకు గాలి తగిలి పీట్ కుళ్లిపోతూ, చాలాచోట్ల ఏడాదికి సెంటీమీటరు వరకు కుంగుతోంది. అందుకే అక్కడ సైకిల్ బాటలకు కాంక్రీటు పలకలు పరుస్తారు. ఆమ్‌స్టెల్ ఒడ్డున తారు రోడ్డు అలల్లా ఎగుడుదిగుడుగా ఉండటం, అంచులు కాలువ వైపు ఒరిగి ఉండటం మీరు గమనించే ఉంటారు. దానికీ ఇదే కారణం.

కాబట్టి పీట్ పల్లంలో మట్టిబాటను వెతికితే నిరాశే మిగులుతుంది. చిత్తడీ ఇసుకా ఒకదాన్ని ఒకటి ఆనుకుని ఉండే అంచులను వెతకాలి. అలాంటి వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది డ్రెంటె, ఫ్రీస్‌లాండ్ సరిహద్దులోని ఫోఖ్‌తెలోర్‌ఫేన్. అక్కడ ఇంధనం కోసం జరిగిన పీట్ తవ్వకాలనుంచి మిగిలిన ఎత్తైన బురదనేలను, వాన నీరు బయటికి పోకుండా చిన్న చిన్న కట్టలు వేసి మళ్లీ బతికిస్తున్నారు. 2001 నుంచి అక్కడ కొంగల కన్నా ఎత్తుగా ఉండే క్రేన్ పక్షులు గూళ్లు పెడుతున్నాయి. పక్కనే ఉన్న ఫేన్‌హౌజన్ 19వ శతాబ్దంలో పేదల కోసం, భిక్షకుల కోసం కట్టిన కాలనీ. 2021లో దానికి యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ కాలనీవాళ్లు గీత గీసినట్టు వేసిన చెట్ల బాటలు ఇప్పటికీ చాలావరకు ఇసుక, మట్టి దారులే. ఆసెన్ స్టేషన్‌లో దిగి కాలువ వెంట ఫేన్‌హౌజన్‌కు వెళ్లి, అక్కడి నుంచి బురదనేల చుట్టూ తిరిగి రావడం ఒక రోజుకు నిండైన ప్రయాణం.

రెండోది మా దగ్గరి వేరిబెన్-వీడెన్. ఇది పీట్ తవ్వకాలవల్లే పుట్టిన ప్రదేశం. సన్నని పొడవాటి గోతులుగా పీట్‌ను తవ్వి, మధ్యలో వదిలిన నేలపట్టీల మీద దాన్ని ఆరబెట్టేవారు. కొన్నిచోట్ల ఆశకొద్దీ పట్టీలను మరీ సన్నగా వదిలారు. తుఫానులకు అవి కొట్టుకుపోయి పెద్ద సరస్సులయ్యాయి. బేలాకె అనే ఊరు 1776 వరదలో అలాగే మునిగిపోయింది. ఇప్పుడు ఆ గోతుల్లో రెల్లు పెంచి, చలికాలంలో కోసి, ఇళ్ల పైకప్పులకు వాడుతున్నారు. ఇక్కడి బాటలు చాలావరకు సన్నని కాంక్రీటువి. కొన్నిచోట్ల నలగ్గొట్టిన ఆల్చిప్పలు పరిచిన తెల్లని బాటలూ ఉన్నాయి. ఆ చిప్పల మీద టైరు చేసే కరకర శబ్దం, ఎడమా కుడీ తలెత్తి చూసేంత ఎత్తున రెల్లు, ప్రతి పావు మైలుకూ ఒక చెక్క వంతెన, ఇదీ అక్కడి అనుభవం. ఖీట్‌హోర్న్ మీదుగా మాత్రం వేసవిలో వెళ్లకండి. ఊరి నడుమ బాటలో యాత్రికుల మధ్య సైకిల్ నడిపించుకోవడమే సరిపోతుంది. కాలెన్‌బర్గ్ వైపు నుంచి వేరిబెన్‌లోకి వెళ్లండి, మీరు కోరుకున్న నిశ్శబ్దం అక్కడ దొరుకుతుంది.

జవాబు: తీతువు

మట్టిబాట గారు నేల గురించి చెప్పినదంతా సరైనదే. నేను కాలం గురించీ, ఆ బోర్డుల గురించీ చెబుతాను. మా ఊరి పచ్చిక పక్షుల సంరక్షణ బృందంలో స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను కాబట్టి ఈ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. కాస్త పొడవుగా రాస్తే మన్నించగలరు.

ముందుగా బోర్డులు. ఆర్టికల్ 461 అన్నది డచ్ శిక్షాస్మృతిలోని ఒక నిబంధన. యజమాని ప్రవేశాన్ని నిషేధించి, ఆ సంగతి కనబడేలా బోర్డు పెట్టిన స్థలంలోకి వెళ్లడం నేరమని దాని సారాంశం. స్టాట్స్‌బోస్‌బెహేర్, నాటూర్‌మోన్యుమెంటెన్ వంటి ప్రకృతి సంరక్షణ సంస్థల భూముల ముఖద్వారాల్లో ఉండే బోర్డు మీద పై భాగంలో స్వాగతం ఉంటుంది, కింద షరతులు ఉంటాయి: సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు, రోడ్ల మీదా బాటల మీదా మాత్రమే అని. గేటు తెరిచి ఉందన్నది నడిచేవారికి సంబంధించిన సంగతి. సైకిల్‌కు అనుమతి ఉందా అన్నది విడిగా చూడాలి. నీలి రంగు గుండ్రటి బోర్డులో తెల్ల సైకిల్ గుర్తు గానీ, 'ఫీట్స్‌పాడ్' (సైకిల్ బాట) అని రాసిన నీలి పలక గానీ ఉంటే నిశ్చింతగా వెళ్లండి. నడిచేవారి బాట అని రాసి ఉంటే, ఎంత ఖాళీగా కనిపించినా సైకిల్ తొక్కకండి. మౌంటెన్ బైక్ దారులు వేరు. ఉట్రెక్ట్ కొండల వంటి కొన్ని చోట్ల వాటికి ఏడాది స్టిక్కర్ కొనాల్సి ఉంటుంది. అయితే మీరు నీటి పక్కనే తిరగాలనుకుంటున్నారు కాబట్టి మీకు ఆ అవసరం రాదు.

ఇక కాలం. మార్చి మధ్య నుంచి జూన్ మధ్య వరకు, కొన్నిచోట్ల జూలై వరకు, పచ్చికబయళ్లలోని చాలా బాటలను మూసేస్తారు. ఈ దేశపు జాతీయ పక్షి నల్లతోక గాడ్విట్. డచ్‌వాళ్లు గ్రుట్టో అంటారు. 2015లో ప్రజలు ఓటు వేసి ఎన్నుకున్నారు. శీతాకాలంలో కొల్లేటిలో గుంపులుగా దిగే పొడుగు ముక్కు ఉల్లంకి జాతి పక్షుల్లో మీరు ఈ గాడ్విట్‌లనూ చూసే ఉంటారు. ఇక్కడ గుడ్లు పెట్టేవి మాత్రం పశ్చిమ ఆఫ్రికాలోనూ, స్పెయిన్, పోర్చుగల్ వరిపొలాల్లోనూ శీతాకాలం గడిపి మార్చిలో తిరిగి వస్తాయి. గూడు నేల మీదే, గడ్డి దుబ్బుల మధ్య ఉంటుంది. పిల్లలకు తల్లి తిండి తెచ్చి పెట్టదు. పుట్టిన మొదటి రోజు నుంచే అవి గడ్డిలో నడుస్తూ పురుగులను పట్టుకు తినాలి. సైకిల్ దగ్గరికి రాగానే తల్లిదండ్రులు రెండూ గాల్లోకి లేచి అరుస్తూ తిరుగుతాయి. ఆ కాసేపట్లో పిల్లలకు చలి తగులుతుంది, కాకులకు గూడు జాడ తెలిసిపోతుంది. మేము రైతుల అనుమతితో పొలాల్లో తిరిగి ప్రతి గూటికీ ఇరువైపులా కొంత దూరంలో వెదురు కర్రలు పాతుతాము. గడ్డి కోసే ట్రాక్టరు ఆ కర్రల నడుమ చోటును వదిలి వెళుతుంది. పచ్చని చదునైన పొలంలో అక్కడక్కడ జంటగా నిలబెట్టిన కర్రలు కనిపిస్తే అవి ఇవే. మీకు దగ్గరలోని ఔదర్‌కెర్క్ పక్కన రోండె హూప్ అనే గుండ్రటి పోల్డర్, అంటే చుట్టూ గట్టు కట్టి నీటిని తోడేస్తూ సాగు చేసుకునే పల్లపు భూమి ఉంది. మధ్యయుగం నాటి పొలాల పట్టీలు చెక్కుచెదరకుండా ఉన్న ఆ పోల్డర్ మధ్య నుంచి ఒక్క రోడ్డు కూడా లేదు, చుట్టూ గట్టు మీద మాత్రమే రోడ్డు ఉంది. ఏప్రిల్ సాయంత్రం ఆ గట్టు మీద తారు రోడ్డులోనే నెమ్మదిగా ఒక చుట్టు తిరగండి. లోపలికి దిగకుండానే గాడ్విట్‌ల అరుపులు, మన తీతువుకు చుట్టమైన కీవిట్ పల్టీలు కొడుతూ ఎగరడం అన్నీ కనబడతాయి.

గట్ల మీద గడ్డి బాట గురించి అడిగారు. కరకట్ట మీద గడ్డి అందం కోసం పెంచినది కాదు. పెద్ద నీరు వచ్చినప్పుడు మట్టి కోసుకుపోకుండా కాపాడేది ఆ గడ్డి వేళ్ల అల్లికే. వాన తడి మీద చక్రం పడితే గాడి ఏర్పడుతుంది, గాడిలో నీరు నిలుస్తుంది, అక్కడ గడ్డి చనిపోతుంది. గట్లను చూసుకునేది వాటర్‌స్ఖాప్ అనే నీటి పాలకమండళ్లు. దేశం మొత్తం మీద 21 ఉన్నాయి, వాటికి విడిగా ఎన్నికలు కూడా జరుగుతాయి. వారు ఎక్కడ సైకిల్‌ను అనుమతించారో అక్కడ గట్టు తలమీద బాట వేసే ఉంటారు. బాట లేని గడ్డి గట్టును గొర్రెలకు వదిలేయమని నా మనవి.

నా మాట వింటే ఆగస్టు చివరి నుంచి అక్టోబరు మధ్య వరకు వెళ్లండి. పిల్లలు ఎగిరిపోయి ఉంటాయి, నేల గట్టిగా ఉంటుంది, మూసిన బాటలు తెరుచుకుంటాయి. అక్టోబరు తర్వాత ఆర్కిటిక్ నుంచి వేలాదిగా పెద్దబాతులు దిగుతాయి. వాటిని కూడా దూరం నుంచే చూడాలి గానీ, అవి రోడ్డు మీదినుంచి చూసినా కళ్లు చాలనంత ఉంటాయి కాబట్టి ఎవరికీ కష్టం లేదు.

జవాబు: ఏటిగట్టు

నేను డోర్డ్‌రెక్ట్‌లో ఉంటాను. ఎవరూ మా పక్కనున్న బీస్‌బోష్ చిత్తడి నేలల ప్రస్తావన తేలేదు కాబట్టి ఈ జవాబు. కొల్లేటి లంకల మధ్య పెరిగినవారికి నెదర్లాండ్స్‌లో ఒక్క చోటే చూపించాలంటే నేను బీస్‌బోష్‌నే చూపిస్తాను.

1421 నవంబరు 18, 19 తేదీల మధ్య రాత్రి వచ్చిన సెయింట్ ఎలిజబెత్ వరద ఇక్కడి పెద్ద పోల్డర్‌ను ముంచేసింది. గట్లను మళ్లీ పూర్తిగా కట్టలేకపోయారు. నదులు తెచ్చిన ఒండ్రు, సముద్రపు ఆటుపోట్లు కలిసి ఆ మునిగిన భూమిని వందలాది పాయలు, లంకలు, విల్లో చెట్ల తోపులుగా మలిచాయి. తరతరాలుగా కూలీలు ఇక్కడ విల్లో కొమ్మలు నరికి కట్టలు కట్టేవారు. ఆ కొమ్మలతో అల్లిన పెద్ద చాపలను రాళ్లతో ముంచి గట్ల పాదాలకు రక్షణగా పరిచేవారు. 1970లో హారింగ్‌వ్లీట్ ముఖద్వారాన్ని ఆనకట్టతో మూయడంతో రెండు మీటర్ల దాకా ఉన్న ఆటుపోటు తేడా 20, 30 సెంటీమీటర్లకు పడిపోయింది. అప్పటి నుంచి తోపులు దట్టమైన తడి అడవిగా మారాయి. 1988లో చెట్లను కొరికి పడగొట్టే బీవర్లు అనే నీటి జంతువులను తెచ్చి వదిలారు. ఇప్పుడు పాయల ఒడ్డున పెన్సిలు చెక్కినట్టు కొరికిన విల్లో మొదళ్లు ప్రతి వంపులో కనిపిస్తాయి. 2016లో ఓస్ప్రే అనే చేపల డేగ ఈ దేశంలో మొట్టమొదటిసారిగా గూడు పెట్టి పిల్లలను పెంచింది ఇక్కడే.

దారి ఇలా వేసుకోండి. డోర్డ్‌రెక్ట్ స్టేషన్‌లో దిగి ఊరి తూర్పున ఉన్న బీస్‌బోష్ సందర్శకుల కేంద్రం వైపు వెళ్లండి. ఆ చుట్టుపక్కల గట్టి మట్టిబాటలు, కంకర బాటలు కొన్ని ఉన్నాయి. అక్కడి నుంచి కోప్ ఫాన్ట్ లాండ్ రేవుకు వెళితే నీవె మెర్వేడె నది దాటించే పంటు ఉంటుంది. కార్లూ సైకిళ్లూ కలిసే ఎక్కుతాయి, కోనసీమలో చూసినట్టే ఉంటుంది. అవతలి ఒడ్డున దిగితే నోర్ద్‌వార్డ్. 1993, 1995 సంవత్సరాల్లో నదులు పొంగి, 1995లో రెండున్నర లక్షల మందిని ఇళ్లు ఖాళీ చేయించాల్సి వచ్చాక, గట్లను ఎత్తు పెంచుకుంటూ పోవడమే పని కాదు, నదికి చోటివ్వాలి అన్న నిర్ణయానికి వచ్చారు. ఆ నిర్ణయంలో భాగంగా నోర్ద్‌వార్డ్ పోల్డర్ గట్టును తగ్గించి, 2015 నాటికి నీటిని లోపలికి వదిలారు. కొన్ని కుటుంబాలు వెళ్లిపోయాయి, ఉండిపోయిన రైతులకు ఎత్తైన మట్టి దిబ్బల మీద ఇళ్లు కట్టారు. నది పొంగినప్పుడు ఈ ఒక్క పనివల్ల ఖోరిన్‌ఖెమ్ దగ్గర నీటిమట్టం 30 సెంటీమీటర్ల వరకు తగ్గుతుందని లెక్క. ఆ దిబ్బల మధ్య నుంచి, వరుసగా వచ్చే వంతెనల మీదుగా, ఇరువైపులా పాయలూ తెల్ల కొంగలూ చూస్తూ వెళుతుంటే వరదను శత్రువుగా కాకుండా అతిథిగా చూసుకున్న ఊరు ఎలా ఉంటుందో కళ్లకు కడుతుంది.

అక్కడి నుంచి మ్యూజియం దీవి, తర్వాత వెర్కెన్‌డామ్, తర్వాత నది గట్టు మీద వౌద్రిఖెమ్. పాత కోటగోడల ఊరు, అక్కడ ఒక పూట ఆగి భోంచేయవచ్చు. చిన్న పడవలో సైకిల్‌తో సహా నది దాటితే లూవెస్టైన్ కోట. న్యాయశాస్త్రవేత్త హ్యూగో గ్రోషియస్ 1621లో పుస్తకాల పెట్టెలో దాక్కుని తప్పించుకున్నది ఈ కోట నుంచే. ఖోరిన్‌ఖెమ్ చేరుకుంటే తిరుగు రైలు ఉంది. నేరుగా వెళితే 40 కిలోమీటర్ల లోపు. బీస్‌బోష్‌లో అటూ ఇటూ తిరిగితే 60 దాకా అవుతుంది. సైకిల్ యాత్ర మొత్తం మట్టిబాటే కావాలంటే ఇది మీకు నచ్చదు. సగానికి పైగా తారు, కాంక్రీటు. కానీ నీటి కోసం వెళ్లేవారు టైరు కింద ఏముందో అంతగా లెక్కపెట్టనక్కర్లేదని నా అభిప్రాయం.

కొల్లేటితీరం

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. రోండె హూప్ మా ఇంటికి ఇంత దగ్గరలో ఉండి కూడా దాని సంగతి తెలియదు. సెప్టెంబరులో బీస్‌బోష్, అక్టోబరు మొదట్లో ఫోఖ్‌తెలోర్‌ఫేన్ అని అనుకుంటున్నాను. రైల్లో సైకిల్ తీసుకెళ్లడం, ఎదురుగాలి, టైర్లు, ఈ మూడింటి గురించి ఎవరైనా చెప్పగలరా? 40 మిల్లీమీటర్లు చాలా, లేక మార్చాలా?

జవాబు: గాలివాటు

టైర్లు మార్చకండి, 40 చాలు. ట్యూబ్‌లెస్‌గా చేయించి, చిన్న రంధ్రాలను తనంతట తానే పూడ్చే సీలెంట్ ద్రవం పోయించండి. ఎందుకంటే ఇక్కడి మట్టిబాటల పక్కన ముళ్ల కంచెలు ఉంటాయి, శరదృతువు, చలికాలాల్లో వాటిని కత్తిరించినప్పుడు తునకలు బాటమీద పడతాయి. 70 కిలోల మనిషికి 30 నుంచి 35 పీఎస్ఐ గాలి సరిపోతుంది. డ్రెంటె ఇసుకలో ఇంకాస్త తగ్గించుకోవచ్చు. ముందూ వెనకా మడ్‌గార్డులు మాత్రం తప్పక బిగించండి, ఆల్చిప్పల బాట తడిసినప్పుడు తెల్లని బురద వీపంతా పడుతుంది, చెయిన్‌లోకి చేరి అరగదీస్తుంది. ఇంటికి రాగానే నీళ్లతో కడిగి, తుడిచి, నూనె వేయండి. అక్టోబరులో బీట్ దుంపలు, బంగాళదుంపలు తవ్వే ట్రాక్టర్లు బంకమట్టిని రోడ్ల మీద వదిలి వెళతాయి. తడిసిన ఆ మట్టి మీద మలుపులో బ్రేకు వేయకండి, తారు రోడ్డయినా జారుతుంది.

సైకిల్‌కు బెల్లు ఉండటం చట్టరీత్యా తప్పనిసరి. గ్రావెల్ సైకిళ్లు చాలావరకు బెల్లు లేకుండానే వస్తాయి, మీది చూసుకోండి. చీకటి పడితే ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం ఉండాలి. 2019 జూలై 1 నుంచి సైకిల్ తొక్కుతూ ఫోన్‌ను చేత పట్టుకోవడం నిషిద్ధం కాబట్టి, పటం కోసం హ్యాండిల్‌కు బిగించే స్టాండు పెట్టుకోండి. ఫోన్ లేకపోయినా కంగారు లేదు. అంకెలున్న కూడళ్ల పద్ధతి దేశమంతా ఉంది. ప్రతి కూడలిలో పచ్చ అంకెలున్న బోర్డు, తర్వాతి కూడళ్ల వైపు బాణాలు ఉంటాయి; ఆ అంకెలను వరసగా ఒక చీటీ మీద రాసి హ్యాండిల్‌కు అంటించుకుంటే చాలు. ఈ పద్ధతిని 1995లో బెల్జియంలోని లింబర్గ్‌లో ప్రవేశపెట్టింది హ్యూగో బోలెన్ అనే గనుల ఇంజనీరు, ఆ తర్వాత ఇటు వ్యాపించింది.

రైల్లో మామూలు సైకిల్‌కు విడిగా టికెట్ కొనాలి. పనిదినాల్లో ఉదయం 6.30 నుంచి 9 వరకు, సాయంత్రం 4 నుంచి 6.30 వరకు ఎక్కనివ్వరు. జూలై, ఆగస్టు నెలల్లో ఆ ఆంక్ష ఉండదు. శని, ఆదివారాలు వెళ్లడమే మేలు. సైకిల్ బొమ్మ ఉన్న పెట్టె తలుపు దగ్గరే ఎక్కండి, చోటు నాలుగైదు సైకిళ్లకు మించి ఉండదు. ఖోరిన్‌ఖెమ్ నుంచి డోర్డ్‌రెక్ట్ వైపు నడిచే చిన్న రైలు వేరే సంస్థది, దాని నియమాలు విడిగా చూసుకోండి.

గాలి సంగతి. ఇక్కడ ఎక్కువ రోజులు నైరుతి నుంచి వీస్తుంది. పోల్డర్‌లో చెట్టు అడ్డం ఉండదు. ఎదురుగాలిలో పది కిలోమీటర్లు కొండెక్కినంత పని. ఆ గాలిని ఈ దేశస్థులు ఎంత మనసుకు తీసుకున్నారంటే, తుఫాను గాలి వీచే రోజు చూసి తూర్పు స్కెల్ట్ అడ్డుకట్ట మీద గేర్లు లేని సైకిళ్లతో ఎదురుగాలి జాతీయ పోటీ పెట్టుకుంటారు. మీరు మాత్రం ముందుగా గాలికి ఎదురు వెళ్లి, అలసిపోయే మధ్యాహ్నానికి గాలి వీపున పడేలా దారి వేసుకోండి. ఏటిగట్టు గారు చెప్పిన దారి డోర్డ్‌రెక్ట్ నుంచి తూర్పుకు కాబట్టి నైరుతి గాలి మీకు చాలావరకు అనుకూలమే. ఈశాన్య గాలి వీచే రోజున ఖోరిన్‌ఖెమ్ నుంచి మొదలుపెట్టండి.

జవాబు: మట్టిబాట

ఏటిగట్టు గారితో ఒక్క విషయంలో నేను ఏకీభవించలేను. టైరు కింద ఏముందన్నది తప్పక లెక్కలోకి వస్తుంది. తారు మీద గంటకు 25 కిలోమీటర్లు పోయే మనిషి మట్టిబాటలో 16కు తగ్గుతాడు; ఆ తగ్గిన వేగంలోనే గట్టు పక్క బీవర్ గాడి, నీళ్లలో మునిగే గ్రీబ్ పిట్ట కంటపడతాయి. తారు మీద అదే వేగంతో వెళ్లమంటే కాళ్లు ఊరుకోవు. ఇది నా అనుభవం, ఇతరులకు వేరుగా ఉండవచ్చు.

అయితే ఆయన దారిలోనే ఒక మార్పు సూచిస్తాను. లూవెస్టైన్ దాటాక వెంటనే రైలెక్కకుండా, నీటి రక్షణరేఖ వెంట ఉత్తరానికి తిరగండి. శత్రువు వస్తే తూములు తెరిచి పొలాలను మోకాలి లోతు వరకు ముంచేసేవారు. నడిచేవాడికి కింద కాలువ ఎక్కడుందో తెలియదు, పడవకు లోతు చాలదు. ఆ పద్ధతికి కాపలాగా కట్టిన కోటలు ఉట్రెక్ట్ మీదుగా మౌడెన్ దాకా వరసగా ఉన్నాయి. 2021లో వీటికీ యునెస్కో గుర్తింపు లభించింది. కోట నుంచి కోటకు వెళ్లే పాత గట్ల మీద కొన్నిచోట్ల కంకర, ఇసుక బాటలు మిగిలి ఉన్నాయి. ఉత్తరం కొసన మౌడెన్ పక్కన నార్డర్‌మేర్ సరస్సు. 1904లో ఆమ్‌స్టర్‌డామ్ నగరం ఆ సరస్సును చెత్తతో నింపాలని చూసినప్పుడు వ్యతిరేకించినవారు 1905లో నాటూర్‌మోన్యుమెంటెన్ సంఘాన్ని స్థాపించి, 1906లో సరస్సును కొనేశారు. ఈ దేశపు ప్రకృతి సంరక్షణ అక్కడే మొదలైంది. మీ ఇంటి నుంచి రైలు అవసరం లేకుండానే వెళ్లి రావచ్చు.

ఫోఖ్‌తెలోర్‌ఫేన్ వెళ్లేటప్పుడు రెండు జాగ్రత్తలు. గడ్డిలో కూర్చుంటే ఇంటికి వచ్చాక మోకాళ్ల వెనక, నడుము దగ్గర పిడుదులు ఉన్నాయేమో చూసుకోండి, వాటివల్ల లైమ్ వ్యాధి రావచ్చు. ఉంటే వెంటనే చిన్న పట్టకారుతో నిదానంగా లాగేయండి. బీస్‌బోష్‌లో గానీ డ్రెంటెలో గానీ బాట మీద కొమ్ముల పశువులు అడ్డంగా పడుకుని ఉంటే, కనీసం 25 మీటర్ల దూరం పాటించమని అక్కడి బోర్డులే చెబుతాయి. బెల్లు కొట్టకుండా ఆగి, చుట్టూ తిరిగి వెళ్లే బాట ఉంటే చూడండి. లేకపోతే అవి లేచేదాకా వేచి ఉండండి.

జవాబు: ఏటిగట్టు

మట్టిబాట గారి సవరణ బాగుంది. కొల్లేటితీరం గారూ, ఒక్క మాట: వౌద్రిఖెమ్, లూవెస్టైన్ మధ్య నడిచే చిన్న పడవ చలికాలంలో రోజూ ఉండదు, నది పొంగితే పంట్లు కూడా ఆపేస్తారు. బయలుదేరే ముందు రోజు రాత్రి రెండు రేవుల వేళలూ చూసుకుని, పడవ లేకపోతే వెర్కెన్‌డామ్ నుంచే వంతెన మీదుగా ఖోరిన్‌ఖెమ్ చేరే దారి అంకెలు కూడా అదే చీటీ మీద రాసి పెట్టుకోండి.